సొరుగు అంచున ఒక పేరు
(హైదరాబాద్‌లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పాత బల్ల కింద ఒక పేరు కనబడగానే మనం ఫోన్ తీసి వెతుకుతాం. లండన్ అనో కలకత్తా అనో తేలుతుంది. ఇది ఫలానా కంపెనీ చేసిన బల్లట అని ఇంట్లో అందరికీ చెప్పేస్తాం. అక్కడ ఆగిపోతే మనకు తెలిసింది ఒక దుకాణం పేరు మాత్రమే. ఆ పేరు అమ్మినవాళ్లది కావచ్చు, వాడుకున్నవాళ్లది కావచ్చు, తాళం చేసినవాళ్లది కావచ్చు. ఉలి పట్టి పని చేసిన మనిషి పేరు కావడం మన నగరంలో దొరికే బల్లల్లో చాలా అరుదు. మరి ఆ మనిషి దగ్గరికి ఎంతవరకు వెళ్లగలం? ఈరోజు నేను మాట్లాడేది దాని గురించే.

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకీ జనం ఒక గడియారం ముందు గుమిగూడతారు. తలుపు తెరుచుకుని చిన్న గడ్డపు మనిషి వచ్చి గంట కొట్టి వెళ్తాడు. ఇక్కడున్న వాళ్లందరూ చిన్నప్పుడు అది చూసే ఉంటారు. ఆ గడియారానికి కుక్ అండ్ కెల్వీ అని పేరు. వాళ్లు కలకత్తా వ్యాపారులు. నగలు, వెండి సామాను, గడియారాలు అమ్మేవాళ్లు. యంత్రం ఇంగ్లండుది, బిగింపు కలకత్తాది, పేరు అమ్మిన కంపెనీది. మన ఊళ్లో అందరికీ తెలిసిన వస్తువు మీదే ఇన్ని చేతులుంటే, ఎవరికీ తెలియని బల్ల సంగతి చెప్పక్కర్లేదు.

కొన్నిచోట్ల ముద్రకు నియమాలు గట్టిగా ఉండేవి. పారిస్‌లో 18వ శతాబ్దం నడుమ నుంచి చెక్కపని సంఘంలోని వడ్రంగి తన పేరు ఇనుప అచ్చుతో కొట్టాలి. సంఘం పెద్దలు తనిఖీ చేసి తమ పొడి అక్షరాలు పక్కన కొట్టేవాళ్లు. విప్లవం వచ్చాక 1791లో సంఘాలు రద్దయ్యాయి, ఆ కట్టడీ పోయింది. ఇంగ్లండులో లాంకాస్టర్ ఊరి గిల్లోస్ వాళ్లు 18వ శతాబ్దం చివర్లోనే సొరుగు అంచున పేరు కొట్టడం మొదలుపెట్టారు. వాళ్ల నమూనా బొమ్మలు, ఖర్చు లెక్కలు లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ ఆర్కైవ్స్‌లో ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి లెక్కల పుస్తకం ఉంటే ముద్రకు బలం వస్తుంది. అది అన్ని బల్లలకూ దక్కే అదృష్టం కాదు.

ఇక మన బల్లకు వద్దాం. ఈ తెర మీద కనిపిస్తున్నది చాదర్‌ఘాట్‌లో మా మిత్రుల ఇంట్లో ఉన్న రాతబల్ల. వాళ్ల అనుమతితో ఒక సొరుగు ఇక్కడికి తెచ్చాను. మహాగని కర్ర, రెండు సొరుగులు, లేత్ మీద తిప్పిన నాలుగు కాళ్లు, పైన తోలు పరిచిన రాత పలక. ఎడమ సొరుగు పైఅంచున చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో మేపుల్ అండ్ కో అని అచ్చు. అక్షరాలు వేలిగోరు కంటే చిన్నవి. సొరుగు పూర్తిగా బయటికి లాగితే తప్ప కనబడవు. ఆ ఇంట్లో మూడు తరాలు ఆ బల్ల మీద రాసుకున్నారు, ఆ పేరు ఎవరూ చూడలేదు.

మేపుల్ అంటే లండన్‌లో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు మీద 1841లో మొదలైన దుకాణం. 19వ శతాబ్దం చివరికి ప్రపంచంలోనే పెద్ద ఫర్నిచర్ దుకాణాల్లో ఒకటి. హోటళ్లకు, రాజభవనాలకు సామాను పంపేవాళ్లు. 1891లో అది లిమిటెడ్ కంపెనీ అయింది. మన అచ్చులో లిమిటెడ్ అన్న మాట లేదు. అందుకని బల్ల 1891 కంటే ముందుదని చెప్పేయాలనిపిస్తుంది. అమ్మకందార్లు అలాగే చెబుతారు. కాస్త ఆగాలి. కొత్త పేరు వచ్చిన రోజునే పాత అచ్చులన్నీ పారేస్తారని ఎక్కడా రాసి లేదు.

పైగా ఆ పేరు వెనక ఎవరి చెయ్యి ఉందన్నది ఇంకో ప్రశ్న. లండన్ ఈస్ట్ ఎండ్‌లో, షోర్‌డిచ్, కర్టెన్ రోడ్డు చుట్టుపక్కల, చిన్న చిన్న గదుల్లో ఇద్దరు ముగ్గురు కలిసి రాత్రింబగళ్లు బల్లలు, బీరువాలు చేసి పెద్ద దుకాణాలకు అమ్ముకునేవాళ్లు. చేసిన సరుకు బండి మీద వేసుకుని దుకాణం దుకాణం తిరగాలి. చీకటి పడేలోపు అమ్ముడుపోకపోతే ఏ ధర ఇస్తే ఆ ధరకు ఇచ్చేయాలి. ఈ వెట్టి బతుకుల మీద 1888లో బ్రిటిష్ ప్రభువుల సభ సంఘం విచారణ జరిపింది. అందులో మేపుల్ కంపెనీ పేరు కూడా వచ్చింది, దాని యజమాని స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పాడు. కంపెనీకి సొంత కార్ఖానాలూ ఉండేవి. కాబట్టి ఈ బల్ల కార్ఖానాలో పుట్టిందా, ఈస్ట్ ఎండ్ గదిలో పుట్టిందా అనేది ఆ అచ్చు చెప్పదు. అమ్మినవాళ్ల పేరు అది. అంతవరకే నమ్మాలి.

ముద్ర చెప్పనిది బల్ల ఒంటి మీద ఉంటుంది. బల్లను తిరగేయండి. ఒక్కరే తిప్పొద్దు, పాత కీళ్లు విరుగుతాయి. ఇద్దరు పట్టుకుని దుప్పటి మీద పెట్టండి. టార్చి లైటు కింద నుంచి కాకుండా పక్క నుంచి, చెక్కకు ఆనించినట్టు వేయండి. ఏటవాలు వెలుతురులో రంపపు గీతలు లేచి కనబడతాయి. చేతిరంపంతో కోస్తే గీతలు నిటారుగా ఉంటాయి, దూరం సమానంగా ఉండదు. యంత్రపు గుండ్రంపు రంపమైతే గీతలు వంపు తిరిగి ఉంటాయి. ఈ బల్ల అడుగున వంపు గీతలే ఉన్నాయి. మరలు, అంటే స్క్రూలు, చూడండి. మొన తేలిన మర 1840ల చివర్లో అమెరికాలో యంత్రం మీద మొదలైంది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ కార్ఖానాలకు 1854లో చేరింది. అంతకు ముందువి మొద్దు మొనవి. తల మీద ప్లస్ గుర్తున్న మర ఉంటే అది 1930ల తర్వాతి మరమ్మతు. ఈ బల్లకు మరలన్నీ మొనదేలినవే, తల మీద ఒక్క గీతవి.

తాళం దగ్గర కూడా పేరుంది. ఎడమ సొరుగు తాళం మీద హాబ్స్ అండ్ కో, లండన్ అని. హాబ్స్ అమెరికావాడు. 1851 లండన్ మహా ప్రదర్శన సమయంలో, ఎవరూ తీయలేరని పేరుపడ్డ బ్రామా తాళాన్ని తీసి చూపించి పేరు తెచ్చుకున్నాడు, అక్కడే తాళాల కంపెనీ పెట్టాడు. కాబట్టి తాళం 1851 కంటే ముందుది కాదు. ఇలాంటి గుర్తులన్నిటికీ ఒక గుణం ఉంది. ఇంతకంటే ముందు కాదు అని మాత్రమే చెబుతాయి. ఎంత తర్వాతో చెప్పవు.

నాకు ఈ బల్లలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇత్తడి పిడి వెనకభాగం. పిడి విప్పితే వెనక ఇంగ్లీషులో ఆర్‌డీ (రిజిస్టర్డ్) నంబరు అని, ఆరంకెల సంఖ్య. 1842 నుంచి 1883 దాకా బ్రిటన్‌లో నమూనా రిజిస్టరు చేసిన వస్తువు మీద వజ్రాకారపు గుర్తు వేసేవాళ్లు. దాని నెత్తిన సున్నాలో రోమన్ అంకె. ఒకటి అంటే లోహం, రెండు అంటే చెక్క. 1884 నుంచి ఆ వజ్రం పోయి ఒకటో నంబరు నుంచి వరస సంఖ్యలు వచ్చాయి. 1890 మొదట్లో ఆ వరస 1,41,000 దాటింది, 1900 మొదట్లో 3,51,000 దాటింది. మన పిడి మీది సంఖ్య 2,30,000 పైచిలుకు. అంటే 1890ల నడిమిది.

పిడి తర్వాత మార్చి ఉండొచ్చు కదా అని మీరు అడగాలి. పిడి మారిస్తే పాత మరల బెజ్జాలు మిగులుతాయి. వాటిని లప్పంతోనో చెక్క ముక్కతోనో పూడుస్తారు. సొరుగు ముఖం లోపలివైపు చూడండి, ఇక్కడ ఒక్క జత బెజ్జాలే ఉన్నాయి. పిడి చుట్టూ పాలిష్ నల్లబడింది, పిడి కింద మాత్రం చెక్క లేతగా ఉంది, ఆ లేత మచ్చ సరిగ్గా పిడి ఆకారంలోనే ఉంది. ఇది పుట్టినప్పటి పిడి. కాబట్టి లిమిటెడ్ అన్న మాట లేకపోయినా బల్ల 1891 తర్వాతిదే. అచ్చును ఒక్కదాన్నే నమ్మినవాళ్లు నాలుగైదేళ్లు వెనక్కి వెళ్లిపోతారు.

కుడి సొరుగు వేరే కథ చెబుతుంది. దాని అడుగు పలక టేకు. ఎడమ దానికి ఓక్. తాళం కూడా పేరు లేనిది. ఎవరో మన ఊరి వడ్రంగి, పాత పలక చెదపట్టో విరిగో పోతే, టేకు పలక చిత్రిక పట్టి వేశాడు. గాడిలో ఎంత బాగా కూర్చాడంటే వేలితో తడిమితే తప్ప తేడా తెలియదు. లండన్ పలక గాలిలో తేమ తగ్గినప్పుడు ముడుచుకుని కొంచెం చీలింది. ఈయన వేసిన టేకు ఇన్ని ఎండాకాలాలకూ కదల్లేదు. ఆ పలక మీద ఏ పేరూ లేదు. నా దృష్టిలో మేపుల్ అచ్చుకు ఎంత విలువ ఉందో ఈ పలకకు అంత విలువ ఉంది. బల్ల బాగు చేయించేటప్పుడు దీన్ని పీకేసి ఓక్ వేయించాలని మా మిత్రులకు ఒక డీలర్ సలహా ఇచ్చాడు. వేయించొద్దని నేను బతిమాలాను.

ఇప్పుడు అసలు చిక్కు. బల్ల అడుగున, వెనక పట్టె మీద తెల్ల రంగుతో ఉర్దూ అంకెలు. పైన 47. కింద 1325. ఐదు అంకె తలకిందులు చేసిన గుండె ఆకారంలో ఉంటుంది, చదవడం వచ్చిన వాళ్లకు ఇబ్బంది లేదు. ఇబ్బంది ఏ సంవత్సరం అనే దగ్గర. హిజ్రీ 1325 అయితే 1907 ఫిబ్రవరి నుంచి 1908 ఫిబ్రవరి మొదటివారం దాకా. అంటే మహబూబ్ అలీఖాన్ కాలం. ఫసలీ, అంటే పంటల, పన్నుల లెక్కకు వాడే సంవత్సరం, 1325 అయితే 590 కలపాలి, 1915 అక్టోబరు నుంచి 1916 అక్టోబరు దాకా. అంటే ఉస్మాన్ అలీఖాన్ కాలం. మన నిజాం ప్రభుత్వ దఫ్తర్లలో, అంటే ఆఫీసుల్లో, ఫసలీ లెక్కే నడిచేది, సంవత్సరం అజూర్ నెలతో మొదలయ్యేది.

ఈ ఎనిమిదేళ్ల తేడా ఆ ఇంటికి చాలా పెద్దది. ఎందుకంటే నడుమ మూసీ వరద ఉంది. 1908 సెప్టెంబరు 28. ఆ బల్ల తుగ్యానీలో మునిగి బతికిందని వాళ్ల ఇంట్లో చెప్పుకుంటారు. నాలుగు కాళ్లకూ కిందినుంచి రెండంగుళాల ఎత్తున నల్లటి చార ఉంది. అది వరద మచ్చ అని ముత్తాత చెప్పేవారట.

అంకెల మీద టార్చి ఏటవాలుగా వేసి, ఫోన్‌లో ఫోటో తీసి, వెలుతురు తేడా పెంచి చూశాం. 1325 ఎడమ పక్కన రంగు రాలిపోయిన చోట ఒక చుక్క, కింద వంపు. ఉర్దూ ఫే అక్షరం. ఫసలీ సంవత్సరం పక్కన ఫే రాస్తారు, హిజ్రీ పక్కన హే రాస్తారు. కాబట్టి ఇది 1915-16. వరద వచ్చి వెళ్లిన ఏడేళ్లకు ఎవరో దఫ్తర్‌లో ఈ బల్లకు నంబరు వేశారు. ఇంటి సామానుకు ఎవరూ వరస నంబరు, ఫసలీ సంవత్సరం వేసుకోరు. ముత్తాతగారు సర్కారు నౌకరీ చేసినవారే. దఫ్తర్ సామాను హర్రాజులో వచ్చినప్పుడు ఆయనే పాడుకుని ఉంటారని మా ఊహ.

మరి ఆ చార? వరదలో మునిగిన బల్లకు చార రెండంగుళాల దగ్గరే ఆగదు. చీమలు పట్టకుండా బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టడం మన ఇళ్లలో ఉన్నదే. ఏళ్ల తరబడి గిన్నెల్లో నిలబడ్డ కాళ్లకు సరిగ్గా అలాంటి చారే పడుతుంది. ఇది చెప్పేటప్పుడు ఆ ఇంటి పెద్దమ్మ ముఖం చూసి నాకు బాధేసింది. ఆవిడ కాసేపు ఆలోచించి, "మా అత్తగారు దాని మీదే చక్కెర డబ్బా పెట్టేది నాయనా" అన్నారు.

వాడుకున్నవాళ్ల ముద్రల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్‌లో అవే ఎక్కువ దొరుకుతాయి. రైల్వే సామాను ఒకటి. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు 1874లో వచ్చింది. 1883లో నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. 1930లో ప్రభుత్వం దాన్ని కొనేసి నిజామ్స్ స్టేట్ రైల్వే చేసింది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. కాబట్టి బల్ల మీద ఎన్‌జీఎస్‌ఆర్ అని నాలుగక్షరాలుంటే ఆ ముద్ర 1883, 1930 నడుమ పడింది. ఎన్ఎస్ఆర్ అని మూడక్షరాలే ఉంటే జాగ్రత్త. 1883కు ముందు కూడా ఆ పేరే ఉండేది. అప్పుడు మరలు, రంపపు గీతలే దిక్కు. మేపుల్ బల్ల కూడా బొంబాయిలో ఓడ దిగి, వాడి మీదుగా ఇదే రైలులో వచ్చి ఉంటుంది. ఆ రోజుల్లో దారి అదే.

రెండోది కంటోన్మెంట్ సామాను. సికింద్రాబాద్‌లో 1806 నుంచి బ్రిటిష్ దండు ఉండేది. బదిలీ అయిన ప్రతి ఆఫీసరూ సామాను వేలం వేసి వెళ్లేవాడు. కాళ్లు మర తిప్పి విప్పదీసేలా, మూలలకు ఇత్తడి బిళ్లలతో, పక్కల లోతుగా పొదిగిన పిడులతో ఉండే బల్ల కనిపిస్తే అది దండు బల్ల. డబ్లిన్‌లో రాస్ అనే కంపెనీ వాటికి పేరుపొందింది. కలకత్తాలో లాజరస్, బొంబాయిలో వింబ్రిడ్జ్, మద్రాసులో డెషాంప్స్ వాళ్లు ఇక్కడి టేకుతో, ఇక్కడి పనివాళ్లతో విలాయతీ నమూనాలు చేయించేవాళ్లు. సొరుగుల అడుగులు కూడా పుట్టుకతోనే టేకు అయితే బల్ల ఇక్కడ పుట్టిందనడానికి అది మంచి ఆధారం.

(సభలోంచి ఒకరు: ఇరానీ హోటల్ కుర్చీల కింద కూడా పేర్లుంటాయి కదండీ?)

ఉంటాయమ్మా, మంచి ప్రశ్న. పాలరాతి బల్ల చుట్టూ వేసే ఆ వంపు కుర్చీలు బీచ్ కర్రను ఆవిరిలో ఉడికించి వంచి చేసినవి. ఆ పద్ధతికి పేరు తెచ్చినవాడు మైకేల్ థోనెట్. 14వ నంబరు కుర్చీ 1859లో వచ్చింది. 1869లో ఆయన హక్కుల గడువు తీరాక కోన్ లాంటి కంపెనీలు కూడా చేయడం మొదలుపెట్టాయి. కూర్చునే చట్రం లోపలివైపు కాగితం చీటీయో కాల్చిన ముద్రో ఉంటుంది. అందులో దేశం పేరు చూడండి. ఆ కార్ఖానాలు చాలావరకు మొరావియాలో ఉండేవి. 1918 దాకా అది ఆస్ట్రియా, ఆ తర్వాత చెకోస్లొవాకియా. కుర్చీ పుట్టిన ఊరు మారలేదు, దేశం మారింది. చెకోస్లొవాకియా అని ఉంటే 1918కి ముందు అది పుట్టే వీలే లేదు. చీటీ ఏదీ లేకపోతే మన దగ్గర చేసిన నకలూ కావచ్చు, ఆ నకళ్లలో గట్టివి బోలెడున్నాయి.

నకిలీ ముద్రల సంగతి రెండు ముక్కల్లో. పాత అచ్చులో అక్షరాల అడుగు కూడా చెక్కతో పాటే నల్లబడి, మైనం, దుమ్ము పేరుకుని ఉంటుంది. కొత్తగా కొట్టిన అచ్చు పాత పాలిష్‌ను చీల్చుకుని వెళ్తుంది, అక్షరం అంచుల్లో లేత చెక్క కనబడుతుంది. భూతద్దం చాలు.

పాలిష్‌వాళ్ల గురించి మాత్రం వేడుకుంటున్నాను. బల్ల పంపే ముందు మీరే తిరగేసి ప్రతి గుర్తునూ ఫోటో తీయండి. పల్చటి కాగితం పరిచి పెన్సిల్ అడ్డంగా రుద్దితే అచ్చు అక్షరాలు దిగుతాయి. పాలిష్ అతనికి, కింద, లోపల శాండ్‌పేపర్ పెట్టొద్దు అని నోటితో చెప్పడమే కాకుండా ఆ చోట కాగితం అంటించి ఇవ్వండి. జాంబాగ్‌లో, ముర్గీ చౌక్‌లో నేను చూసిన ఎన్నో బల్లలకు అడుగుభాగం కూడా నున్నగా గీకేసి ఉంది. పని శ్రద్ధగానే చేశారు, కానీ దానితో నంబరు, సంవత్సరం, దఫ్తర్ అన్నీ పొట్టులో కలిసిపోయాయి.

విదేశాల్లో పిల్లలున్నవాళ్లకు ఒక మాట. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాపని వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపడానికి లేదు. తేదీ అనుమానంగా ఉంటే ముందే పురావస్తు శాఖ నిపుణులకు చూపించి పత్రం తీసుకోవాలి. కంటైనర్ మాట్లాడుకున్నాక కాదు.

బల్లలో చేసినవాడి చెయ్యి ఎక్కడ కనబడుతుందని మొదట అడిగాను కదా. ఈ సొరుగు వెనక పలక మూల చూడండి. డవ్‌టెయిల్ జాయింటు పక్కన ఉలితో నాటిన రెండు చిన్న గాట్లు. దాని ఎదుటి పలక మీద కూడా రెండు. కాళ్ల కుసుల మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఏ పలక ఏ పలకతో కలవాలో తనకు తాను గుర్తుకోసం పెట్టుకున్నవి. మూడో కాలి మీద ఒక గాటు తప్పుగా పడితే దాని మీద అడ్డంగా గీత కొట్టి పక్కన మళ్లీ పెట్టాడు. ఇవి దుకాణం కోసం కాదు, కొనేవాళ్ల కోసం కాదు. ఆ మనిషి ఎవరో తెలియదు, లండన్‌లో ఏ వీధివాడో తెలియదు. ఆయన పని చేస్తూ ఆగి, చూసుకుని, దిద్దుకున్న క్షణం మాత్రం ఆ గాటులో ఉంది. మన టేకు పలక వడ్రంగి కూడా పలక కిందివైపు పెన్సిల్‌తో ఒక కొలత రాసుకున్నాడు. తెలుగు అంకెల్లో.

ఇక మిగిలింది 47. ఏ దఫ్తర్‌లో 47వ బల్ల? తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దఫ్తర్ల కాగితాలు ఉర్దూలో, ఫారసీలో ఉన్నాయి. ముత్తాతగారు పని చేసిన శాఖ ఏదో పింఛను కాగితాల్లో తెలుస్తుంది. ముందు ఆ శాఖ ఫైళ్లలో ఫసలీ 1325 సామాను కొనుగోళ్లు చూడాలి, తర్వాత ఫసలీ 1350 దాకా హర్రాజు జాబితాలు. షికస్తా దస్తూరీ, అంటే ఆ కాగితాల్లోని గొలుసుకట్టు రాత, చదవగలిగినవాళ్లు ఈ సభలో ఎవరైనా ఉంటే దయచేసి కలవండి, ఆ పనికి మనుషులు కావాలి. సొరుగు ఈ ముందు బల్ల మీద పెడుతున్నాను. టార్చి, భూతద్దం పక్కనే ఉన్నాయి. అంచులు పట్టుకుని ఎత్తండి, పిడి పట్టుకుని లాగొద్దు.